తాతయ్య ఫొటో మీద మైనం పోయకముందు

చిన్నతల్లీ,

ఫొటోల మీద తేనెమైనంతో బొమ్మలు వేయబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత గర్వపడ్డానో! ఆ వెంటనే, మొదటి బొమ్మకు తన దగ్గరున్న తాతయ్య ఫొటోనే అడిగావని కూడా చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు.

తేలిక సంగతులు ముందు చెబుతాను. మైనంలో కొద్దిగా డామర్ అనే చెట్టు గుగ్గిలం కలుపు, గట్టిపడుతుంది. వంగని చెక్కపలక మీదే వెయ్యి. ప్రతి పొరనూ వేడిగాలి ఊదే హీట్ గన్‌తో కింది పొరలో కలిసేదాకా కరిగించు, లేకపోతే పెచ్చులుగా ఊడుతుంది. ఈ మైనపు బొమ్మల పద్ధతిని ఎన్‌కాస్టిక్ అంటారు, ఆ గ్రీకు మాటకు అర్థమే కాల్చి పొదగడం. ఈజిప్టులోని ఫయూం మమ్మీల ముఖచిత్రాలు చూడు. క్రీ.శ. 1–3 శతాబ్దాల నాటి మైనపు రంగులవి, ఆ కళ్లలో తడి ఇంకా ఆరలేదు.

పొగ సంగతి మాత్రం తేలిక కాదు. తేనెమైనం సుమారు 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 80–90 మధ్య ఉంచితే పని జరుగుతుంది. గిన్నెలో థర్మామీటర్ పెట్టకుండా పనికి కూర్చోకు. పొగ కనిపించిందంటే అప్పటికే వేడి మించిపోయినట్టు. కిటికీ తెరిస్తే చాలదు, గాలిని బయటికి లాగే ఫ్యాను కావాలి. మైనం అంటుకుంటే నీళ్లు పోయకు, మూత పెట్టు. చిన్నప్పుడు నీకు వచ్చిన ఆయాసం నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మరవలేదు.

తాతయ్య కుర్రతనంలో ఎలా ఉండేవారని నువ్వు అడిగినప్పుడల్లా మాట మార్చేదాన్ని. ఆయన ఇరవై రెండేళ్ల వయసులో తీయించుకున్న ఫొటో ఒక్కటే ఉండేది. దాన్ని పాడుచేసింది నేనే. నకలు తీయించమని మా అమ్మ చెప్పినా, అసలు ఫొటోలోనే ప్రాణం ఉంటుందని మొండికేశాను. మెరుపు కాగితం మైనాన్ని పీల్చదని అప్పటికి తెలియదు. మైనం పైపైన తేలింది, లోపల గాలి బుడగలు నిలిచాయి. అవి పోవాలని హీట్ గన్ ఇంకా దగ్గరగా పెట్టాను. ఎడమ చెంప మీద చిన్న పొక్కు లేచింది. అక్కడైనా ఆగాల్సింది. పొక్కు చిట్లింది. గోటితో సరిచేయబోతే బొమ్మ ఉన్న పొర లేచి వచ్చేసింది. నా గోటి చివర, గోధుమగింజంత, నాన్న కన్ను.

ఆయన తిట్టలేదు. పలకను వెలుగులోకి తీసుకెళ్లి చాలాసేపు చూసి, “చెవి బాగానే వచ్చిందమ్మా” అన్నారు. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని.

అందుకే, నీకు కోపం వచ్చినా సరే, అసలు ఫొటోను ముట్టుకోకు! స్కాన్ చేసి, పూతలేని పల్చటి కోజో కాగితం (జపాను వాళ్లు చెట్టు బెరడు నారతో చేసేది) మీద పిగ్మెంట్ ఇంకుతో ప్రింటు తియ్యి. మైనం తగలగానే ఆ కాగితం పారదర్శకమై, అంచులు కనబడకుండా పోతాయి. మధ్యనుంచి పక్కలకు ఒత్తుకుంటూ వస్తే గాలి నిలవదు. నాలుగు నకళ్లు తీసుకో, మూడు పాడైనా పరవాలేదు. తరవాత ఎప్పుడైనా పైన తెల్లటి మసక కడితే కంగారుపడకు, మెత్తటి గుడ్డతో రుద్దితే పోతుంది.

ఆ పలక నా దగ్గరే ఉంది. ఇన్నేళ్లూ ఎవరికీ చూపలేదు. ఈసారి నువ్వు వచ్చినప్పుడు చూద్దువుగాని. పొద్దున తీసి తుడిచాను. చెవి నిజంగానే బాగా వచ్చింది.

మీ పెద్దమ్మ