బోర్లా కూడా పడని బిడ్డకు చెవి ఎలా కమిలింది?

ప్రశ్న: మా బాబుకు నాలుగు నెలలు నిండాయి. ఇంకా బోర్లా పడటం లేదు. నేను, మావారు ఉద్యోగాలకు వెళ్తాం. పగలంతా ఆయా చూసుకుంటుంది, మా అత్తగారు కూడా ఇంట్లోనే ఉంటారు. పది రోజుల క్రితం బాబు చెవి అంచు కమిలి నల్లబడింది. మొన్న బుగ్గ మీద మరో మచ్చ కనిపించింది. అడిగితే ఒకసారి ఉయ్యాల కర్ర తగిలిందన్నారు, ఇంకోసారి వాడే గిలక్కాయతో కొట్టుకున్నాడన్నారు. నడుము కింద పుట్టినప్పటి నుంచి ఒక నీలిమచ్చ ఉంది. ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసు అవుతుందని మావారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, బాబును ఈ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. మచ్చలు మానిపోతున్నాయి కదా అని ఆగవద్దు. మత్తుగా ఉన్నా, పాలు తాగకపోయినా, పదేపదే వాంతులవుతున్నా, మాడు ఉబ్బినట్లు కనిపించినా, ఫిట్స్ వచ్చినా క్లినిక్‌కు కాకుండా స్కానింగ్ సౌకర్యం ఉన్న పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకే నేరుగా వెళ్లాలి.

ఇంత తొందరపెట్టడానికి కారణం బాబు వయసు. నడక నేర్చే పిల్లలకు మోకాళ్లు, నుదురు కమలని వారం ఉండదు. వాటిని చూసి ఏ డాక్టరూ కంగారుపడరు. తనంతట తాను కదలలేని బిడ్డ విషయం వేరు. అందుకే ఐదు నెలల లోపు బిడ్డకు ఒంటి మీద ఎక్కడ కమిలినా, నాలుగేళ్ల లోపు పిల్లలకు చెవి, మెడ, ఛాతీ, పొట్ట, వీపు కమిలినా సరైన కారణం దొరకనప్పుడు పూర్తి పరీక్ష చేయాలంటాం. అందులోనూ చెవి మామూలుగా పడితే కమిలే చోటు కాదు. తల, భుజం ముందు తగిలి దాన్ని కాపాడతాయి. చెవి కమిలితే మెలిపెట్టారా, చెంపదెబ్బ వేశారా అని అడగక తప్పదు. గిలక్కాయ కథ నాకు నమ్మబుద్ధి కావడం లేదు. నాలుగు నెలల చేతికి అంత బలం ఎక్కడిది?

నడుము కింది నీలిమచ్చను మాత్రం ఈ లెక్కలో కలపకండి. మన పిల్లల్లో చాలామందికి అది పుట్టుకతోనే ఉంటుంది, కొన్నేళ్లలో పోతుంది. కమిలిన మచ్చ రోజుల్లో రంగు మారుతుంది, ఇది మారదు. అయితే రంగును బట్టి దెబ్బ ఎన్ని రోజుల నాటిదో కచ్చితంగా చెప్పడం అనుభవమున్న డాక్టర్లకూ సాధ్యం కాదు.

పరీక్ష అంటే బట్టలన్నీ విప్పించి తల నుంచి అరికాళ్ల దాకా చూడటం. చొక్కా పైకెత్తి స్టెతస్కోపు పెట్టి పంపేస్తుంటే మీరే ఆపి అడగండి. చెవుల వెనుక, దవడ కింద, నోటి లోపల చూడాలి. పై పెదవిని చిగురుకు కలుపుతూ సన్నని పొర ఒకటి ఉంటుంది. ఏడుస్తున్న బిడ్డ నోట్లో ఉగ్గుగిన్నెనో పాలసీసానో బలవంతంగా కుక్కితే అది చిరుగుతుంది. పెదవి ఎత్తి చూడకపోతే ఆ చిరుగు ఎవరి కంటా పడదు. మచ్చల ఆకారమూ మాట్లాడుతుంది. మధ్యలో ఖాళీలతో పక్కపక్కనే ఉన్న చారలు వేళ్లవి, మెలిక తిరిగిన చార ఛార్జర్ వైరుది. వేడినీళ్లు ఒలికితే చిందిన చోటల్లా కాలుతుంది. మేజోడు తొడిగినట్లు రెండు పాదాలూ ఒకే గీత దాకా కాలితే ముంచి పట్టుకున్నారేమోనని అనుమానించాలి. పసికర్లు (కామెర్లు) తగ్గాలని వాతలు పెట్టించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రేమతో పెట్టించినా అది కాల్చడమే, వైద్యం కాదు.

పైకి కనిపించనివి ఎక్స్‌రేలో దొరుకుతాయి. రెండేళ్ల లోపు పిల్లలకు ఒంట్లోని ఎముకలన్నిటికీ విడివిడిగా తీస్తారు. ఛాతీని రెండు చేతులతో బిగించి పట్టుకుని కుదిపితే పక్కటెముకలు వెన్ను దగ్గర విరుగుతాయి. చర్మం మీద గుర్తే ఉండకపోవచ్చు. కొత్త విరుపు మొదటి ఎక్స్‌రేలో కనిపించక, రెండు వారాల తర్వాత అతుక్కునే దశలో బయటపడవచ్చు. మళ్లీ రమ్మంటే తప్పకుండా వెళ్లండి. తలకు స్కాన్, కంటి వెనుక పొరలో రక్తస్రావం కోసం కంటి డాక్టరు పరీక్ష కూడా అవసరం కావచ్చు. అమెరికాలో జాన్ కాఫీ అనే రేడియాలజిస్టు మెదడు చుట్టూ రక్తం చేరిన ఆరుగురు పసివాళ్లకు కాళ్లూచేతుల ఎముకలు కూడా విరిగి ఉన్నాయని 1946లోనే రాశారు. అది ఇంట్లో తగిలిన దెబ్బల ఫలితమని వైద్యలోకం గట్టిగా ఒప్పుకున్నది 1962లో హెన్రీ కెంప్, ఆయన సహచరుల వ్యాసం వచ్చాకే. కన్నవాళ్లు అలా చేస్తారా అన్న మొహమాటం ఇప్పటికీ మా వృత్తిని పూర్తిగా వదల్లేదు.

రక్త పరీక్షలు కూడా అంతే ముఖ్యం. ప్లేట్‌లెట్లు తగ్గినా, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫిలియా జబ్బు ఉన్నా, విటమిన్ కె లోపించినా చిన్న ఒత్తిడికే కమిలిపోతుంది. ఎముకలు పెళుసుగా ఉండే జబ్బులూ ఉన్నాయి. జబ్బే కారణమైతే అమాయకుల మీద నింద పడదు, బాబుకు చికిత్సా మొదలవుతుంది. ఈ సంగతి మీవారికి చెప్పండి.

ఆయన భయం పూర్తిగా అర్థం లేనిది కాదు. అనుమానాస్పద గాయమైతే ఆసుపత్రి మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు తెలియజేస్తుంది. అందులో డాక్టరు రాసేది తాను చూసిన గాయాలు, మీరు చెప్పిన వివరం, రెండింటికీ పొంతన కుదిరిందా లేదా అన్నదే. ఎవరు కొట్టారో తేల్చడం మా పని కాదు. తన సంరక్షణలోని బిడ్డను హింసిస్తే బాలల న్యాయ చట్టం 2015, 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కేసు భయంతో ఇంట్లో కూర్చుంటే మూడో దెబ్బ తలకు తగలవచ్చు. నాకు ఆ భయమే పెద్దది.

అలాగని ఆయాను అప్పుడే దోషిగా నిలబెట్టకండి. డాక్టరు మిమ్మల్ని, మీవారిని, అత్తగారిని, ఆమెను విడివిడిగా అవే ప్రశ్నలు అడుగుతారు. నొచ్చుకోవద్దు. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007 అధ్యయనంలో, కుటుంబంలో దెబ్బలు తిన్న పిల్లల్లో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే. విషయం తేలేదాకా మీరో, మీవారో సెలవు పెట్టి బాబు దగ్గర ఉండండి. సాయం కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

పసిబిడ్డను కుదిపేసే ఘటనల్లో చాలావాటికి మూలం ఆగని ఏడుపు, చూసుకునేవారి అలసట. ఉయ్యాలలో మెల్లగా ఊపితే ఏమీ కాదు, భుజాలు పట్టి కుదిపితే మెదడులో రక్తస్రావం అవుతుంది. ఓపిక నశిస్తే బిడ్డను పరుపు మీద వెల్లకిలా, పడిపోకుండా పడుకోబెట్టి ఐదు నిమిషాలు పక్క గదిలోకి వెళ్లడం తప్పు కాదని ఇంట్లో అందరికీ చెప్పండి.

బయలుదేరే ముందు మచ్చల పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి, ఆ మచ్చలకు ఏమీ పూయకండి. ప్రసవమప్పటి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు వెంట తీసుకెళ్లండి. పుట్టగానే విటమిన్ కె ఇంజక్షన్ వేశారా లేదా అని డాక్టరు తప్పకుండా అడుగుతారు.