ఆస్ట్రోనాట్ కోచింగ్‌కు 80 వేలు కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి 8వ తరగతి. శుభాంశు శుక్లా అంతరిక్షానికి వెళ్లొచ్చినప్పటి నుంచి తానూ వ్యోమగామి అవుతానంటోంది. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ‘ఆస్ట్రోనాట్ ఫౌండేషన్’ అని రెండేళ్లకు 80 వేలు అడుగుతున్నారు. చేర్పించమంటారా? పాపకు కళ్లజోడు ఉంది, అదొక టెన్షన్.
– ఒక తల్లి, నంద్యాల

జవాబు: వద్దమ్మా. ఎనిమిదో తరగతిలో చేరితే వ్యోమగామిని చేసే కోర్సంటూ మన దేశంలో ఏదీ లేదు. మనుషులను అంతరిక్షానికి పంపే ఇస్రో ప్రాజెక్టు గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వైమానిక దళం టెస్ట్ పైలట్లు, అంటే విమానాలను నడిపి పరీక్షించేవాళ్లు. వారిలో ఒకరైన శుక్లా ఎన్‌డీఏలో (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) చదివారు. ఆ దారైతే ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుని ఎన్‌డీఏ పరీక్ష రాయాలి. 2021 నుంచి అమ్మాయిలూ రాస్తున్నారు.

పైలట్‌కు చూపు నిబంధనలు కఠినంగానే ఉంటాయి. ముందే ఒకసారి కంటి డాక్టరును అడగండి. గుంటూరులో పుట్టిన బండ్ల శిరీషకు చూపు వల్లే పైలట్ దారి మూసుకుపోయింది. ఆమె ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివి, 2021లో వర్జిన్ గెలాక్టిక్ అనే ప్రైవేటు కంపెనీ నౌకలో అంతరిక్షానికి వెళ్లొచ్చారు.

అయినా ఆ నాలుగు సీట్లనే చూస్తే ఎలా? గగన్‌యాన్ వ్యోమగాముల తిండి మైసూరులోని డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) ల్యాబ్ చూస్తోంది, పారాచూట్ల పనిలో ఆగ్రా ల్యాబ్ ఉంది, వైద్య పరీక్షలు బెంగళూరులో జరిగాయి. కాబట్టి రేపు పాప బైపీసీ అన్నా కంగారు పడకండి.

ఇప్పుడు ఇంట్లోనే ఒక పని చేయించండి. ప్లాస్టిక్ సీసాకు అడుగున చిల్లు పెట్టి, నీళ్లు నింపి, మూత తీసి పట్టుకోమనండి. నీళ్లు కారుతాయి. అలాగే మేడ మీద నుంచి వదలమనండి, మీరు కాస్త దూరంగా నిలబడి చూడండి. పడుతున్నంతసేపూ చుక్క కారదు. ఎందుకో తననే ఆలోచించనివ్వండి, వెంటనే ఫోన్‌లో వెతకనివ్వకండి. అంతరిక్ష కేంద్రంలో మనుషులు తేలేదీ ఇందుకే. 400 కిలోమీటర్ల ఎత్తున కూడా భూమి ఆకర్షణ దాదాపు 90 శాతం ఉంటుంది. వాళ్లు నిరంతరం పడుతూనే ఉంటారు. ఇంటర్ పిల్లలు కూడా చాలామంది అక్కడ ఆకర్షణే ఉండదని రాస్తారు!

వచ్చే ఏడాది తొమ్మిదిలోకి వచ్చాక ఇస్రో ‘యువిక’ నోటిఫికేషన్ కోసం చూడండి. వేసవిలో రెండు వారాల శిక్షణ. ఎంపికలో 8వ తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్ లాంటివి చూస్తారు. పంచాయతీ పరిధిలోని బడి పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుంది. ప్రయాణం, బస ఖర్చు ఇస్రోదే. సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఫోన్ పెట్టేయండి.