జ్వరం లేదని ఆగకండి, పొట్టలో నీటిని ఈ రోజే పరీక్ష చేయించండి

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. లివర్ సిర్రోసిస్ ఉంది. పొట్టలో నీరు చేరినప్పుడల్లా నెల్లూరు తీసుకెళ్లి తీయిస్తుంటాం. మూడు రోజులుగా పగలంతా నిద్రపోతున్నారు, రాత్రిళ్లు మేలుకుంటున్నారు, ఒక్కోసారి పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. మూత్రం తగ్గింది. జ్వరం లేదు, కడుపునొప్పి కొంచెమే. స్కాన్‌లో నీరు ఉందని మాత్రమే రాశారు. నీటిలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి, సూదితో కొంచెం తీద్దామని డాక్టర్ అంటున్నారు. రక్తం గడ్డకట్టని మనిషికి గుచ్చితే ప్రమాదమని బంధువులు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ డాక్టర్ చెప్పిందే సరైనది. రేపటిదాకా ఆగకుండా నాన్నగారిని ఈ రోజే ఆసుపత్రిలో చేర్పించండి. మత్తు ఎక్కువగా ఉంటే 108కి ఫోన్ చేయండి.

సిర్రోసిస్ (లివర్ దెబ్బతిని గట్టిపడిపోయే జబ్బు) ఉన్నవారిలో పేగుల్లోని బ్యాక్టీరియా పేగు గోడ దాటి పొట్టలోని నీటిలోకి చేరుతుంది. లివర్ దెబ్బతినడం వల్ల ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి ఆ నీటిలో అది సులువుగా పెరుగుతుంది. జ్వరం, విపరీతమైన కడుపునొప్పి వస్తాయని అందరూ ఎదురుచూస్తారు. కొందరిలో ఆ రెండూ ఉండవు. మతి తప్పినట్టు మాట్లాడటం, నిద్ర తలకిందులవడం, మూత్రం తగ్గడం, బీపీ పడిపోవడం, కామెర్లు ఉన్నట్టుండి పెరగడం, వీటిలో ఏదో ఒక్కటే కనిపించవచ్చు. మీరు రాసిన వాటిలో మూడు ఇవే. అందుకే నాకు ఆందోళనగా ఉంది.

స్కాన్‌లో నీరు ఎంత ఉందో తెలుస్తుంది. అందులో ఇన్ఫెక్షన్ ఉందో లేదో తెలియదు. రక్తపరీక్ష చూసి కూడా ధైర్యపడలేం. సిర్రోసిస్‌లో ప్లీహం పెరిగి తెల్లకణాలు ముందే తగ్గి ఉంటాయి. ఎప్పుడూ మూడు వేలు ఉండే మనిషికి ఎనిమిది వేలు వస్తే రిపోర్టులో నార్మల్ అనే ఉంటుంది, కానీ అతనికి అది పెరిగినట్టే. కాబట్టి నీరు తీసి చూడటం తప్ప వేరే దారి లేదు. పొట్టలో నీరున్న సిర్రోసిస్ పేషెంట్ ఏ కారణంతో ఆసుపత్రిలో చేరినా, లక్షణాలు లేకపోయినా, ఈ పరీక్ష చేయాలి.

రిపోర్టులో చూడాల్సింది న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల లెక్క. ఒక ఘన మిల్లీమీటరు నీటిలో అవి 250 లేదా అంతకు మించి ఉంటే ఇన్ఫెక్షన్ ఉందనే లెక్క, వెంటనే మందు మొదలుపెడతారు. కొన్ని ల్యాబులు మొత్తం కణాలు 600, న్యూట్రోఫిల్స్ 70 శాతం అని విడివిడిగా రాస్తాయి. 600లో 70 శాతం అంటే 420. అది ఎక్కువే. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, మైక్రోస్కోపుతో కొన్ని గంటల్లో తేలిపోతుంది. నీటిలోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్షకు మాత్రం రోజులు పడుతుంది. పైగా ఇన్ఫెక్షన్ ఉన్నా సగం మందికి కల్చర్‌లో ఏమీ పెరగదు. తీసిన నీటిని పేషెంట్ మంచం దగ్గరే బ్లడ్ కల్చర్ సీసాల్లో పోస్తే బ్యాక్టీరియా దొరికే అవకాశం పెరుగుతుంది. అలా చేయమని మీరు అడగవచ్చు, తప్పేం లేదు.

గుచ్చడం గురించి మీ వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. పరీక్షకు కావాల్సింది కొన్ని మిల్లీలీటర్ల నీరే. పెద్ద రక్తస్రావం కావడం వెయ్యిలో ఒకరికి జరిగేంత అరుదు. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే ఐఎన్ఆర్ ఎక్కువున్నంత మాత్రాన ముందుగా ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ఎక్కించాల్సిన పని కూడా సాధారణంగా ఉండదు. చర్మాన్ని శుభ్రం చేసి గుచ్చితే బయటి నుంచి ఇన్ఫెక్షన్ రావడం ఇంకా అరుదు. ఆలస్యం చేస్తే వచ్చే ముప్పు వీటన్నిటికంటే చాలా పెద్దది. ఆసుపత్రికి వచ్చిన 12 గంటల్లోపు నీరు పరీక్షించినవారు ఎక్కువగా బతికి బయటపడుతున్నారని అధ్యయనాలు చెబుతున్నాయి.

దయచేసి ఒక్క మాట వినండి. ఈలోపు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించకండి. ఒక్క డోసు యాంటీబయాటిక్ పడినా కల్చర్‌లో ఏమీ దొరక్కపోవచ్చు. నొప్పికని డైక్లోఫెనాక్ ఇస్తే, ఇప్పటికే మూత్రం తగ్గిన మనిషికి కిడ్నీలు పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంది. మూత్రం వచ్చే మాత్రలు వాడుతుంటే, కొనసాగించాలో ఆపాలో ఆసుపత్రిలో డాక్టర్ చెబుతారు.

ఇన్ఫెక్షన్ ఉందని తేలితే నరానికి యాంటీబయాటిక్‌తో పాటు ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎక్కిస్తారు. మొదటి రోజు కిలో బరువుకు 1.5 గ్రాములు, మూడో రోజు ఒక గ్రాము. సీసా ఖరీదు చూసి చాలామంది వద్దంటారు. కానీ కిడ్నీలను కాపాడి ప్రాణం నిలబెట్టడంలో దాని పాత్ర పెద్దది, వీలైనంతవరకు మానుకోకండి. 48 గంటల తర్వాత మళ్లీ కొంచెం నీరు తీసి కణాలు తగ్గాయో లేదో చూస్తారు. తగ్గకపోతే మందు మార్చడమో, పేగుకు రంధ్రం లాంటిది ఉందేమో వెతకడమో చేయాలి.

ఒకసారి ఈ ఇన్ఫెక్షన్ వచ్చినవారికి మళ్లీ రావడం మామూలే. డిశ్చార్జి అయ్యేటప్పుడు అది రాకుండా రోజూ వేసుకునే మాత్ర రాయించుకోండి, లివర్ మార్పిడికి నాన్నగారు పనికొస్తారేమో కూడా అప్పుడే అడగండి.