మేడ మీదా, మాదాపూర్‌లోనా?

ప్రశ్న: మాది నల్గొండ. బత్తాయి తోట మీద బతికే కుటుంబం. మా అబ్బాయి బీటెక్ అయినంక హైదరాబాద్‌ల రెండేండ్లు ఉద్యోగం చేసి మానేసిండు. ముగ్గురు దోస్తులతో కలిసి రైస్ మిల్లుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేసిండు. మిర్యాలగూడ, సూర్యాపేటల కొన్ని మిల్లులు పైసలిచ్చి వాడుతున్నయి. ఇద్దరిని జీతానికి పెట్టుకున్నరు, అందులో ఒక ఆడపిల్ల. ఇప్పుడు మాదాపూర్‌ల అద్దాల బిల్డింగులో కోవర్కింగ్ ఆఫీసు (సీట్ల లెక్కన కిరాయికిచ్చే ఉమ్మడి ఆఫీసు) తీసుకుంటమని 12 లక్షలు అడుగుతున్నడు. సీటుకు నెలకు 9,000, ఆరు సీట్లు, రెండు నెలల అడ్వాన్సు, 11 నెలల దాక ఖాళీ చేయొద్దట. మా ఇంటి మేడ మీద పోర్షన్ ఖాళీగ ఉంది, అక్కడ పెట్టుకోరా అంటే వినడు. ఊర్లె ఐటీ టవర్ కూడా ఉన్నది. మాదాపూర్ అయితే నలుగురికి చెప్పుకోవచ్చు, సంబంధాలు వస్తయి. మేడ మీద అయితే కండ్ల ముందుంటడు. తోట మీద లోను తీసి ఇయ్యమంటరా? ఏ జాగ మేలో పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోల్చి చెబుతాను. దానికి ముందు మీ ఉత్తరాన్ని మీరే ఇంకోసారి చదవండి. మాదాపూర్ ఎందుకంటే నలుగురికి చెప్పుకోవడానికి. మేడ ఎందుకంటే కళ్ల ముందుండటానికి. రెండు కారణాలూ మీవే. ఆ ఆరుగురు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం పని చేస్తారో, ఎవరితో మాట్లాడతారో, వాళ్ల దగ్గరికి ఎవరొస్తారో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఇలాంటి ప్రశ్నలు తండ్రుల నుంచి వస్తూనే ఉంటాయి. తోట బదులు ప్లాటు ఉంటుంది, మేడ బదులు మడిగె ఉంటుంది. అడిగేది ఆఫీసు గురించే గానీ, లోపల ఉన్న భయం మాత్రం ఉద్యోగం వదిలిన కొడుకు ఏమైపోతాడోనని.

ముందు ఆ భయం సంగతి చూద్దాం. రెండేళ్లు ఉద్యోగం చేసిన పిల్లవాడు ఏడాదిన్నర సొంత పని చేసి, కుదరక మళ్లీ ఉద్యోగానికి పోతే ఎందుకూ పనికిరాకుండా పోడు. ఇంటర్వ్యూలో ఏం తయారుచేశావు, ఎంతమంది వాడారు, ఎక్కడ తప్పు పోయింది, ఎట్లా సరిచేశావు అని అడుగుతారు. ఏ బిల్డింగులో కూర్చున్నావని ఎవరూ అడగరు. వే బ్రిడ్జి దగ్గర తీసిన కాటా చీటీ మొదలుకొని సర్కారు వడ్లు మర ఆడించి ప్రభుత్వానికి అప్పజెప్పాల్సిన సీఎంఆర్ బియ్యం లెక్క దాకా నడిచే సాఫ్ట్‌వేర్ చేసినవాడికి చెప్పుకోవడానికి చాలా ఉంటుంది. మిల్లు యజమానులు ఊరికే పైసలు ఇచ్చేవాళ్లు కాదు. వాళ్లు ఇస్తున్నారంటే మీ అబ్బాయి చేతిలో అమ్ముడుపోయే సరుకు ఉంది. మీకు సగం నిద్ర పట్టాల్సిన మాట ఇది.

ఇక ఆఫీసు. కంపెనీ కల్చర్ అని పిల్లలు అంటుంటారే, అది గోడల రంగులో, కుర్చీల సొగసులో ఉండదు. ఫోన్ మోగితే ఎవరు ఎత్తాలి, కస్టమర్ వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి, పొరపాటు జరిగితే అందరి ముందు అనాలా, పక్కకు పిలిచి చెప్పాలా, ఒకడు పనిలో మునిగి ఉంటే ఇంకొకడు కదిలించవచ్చా... ఇవే కల్చర్. జాగ సరిగ్గా ఉంటే ఈ అలవాట్లు నిలబడతాయి, లేకపోతే ఆరు నెలల్లో చెడిపోతాయి.

మీవాళ్ల పనికి సీజన్ ఉంది. వానాకాలం వడ్లు వచ్చే అక్టోబరు చివరి నుంచి, యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్ నుంచి మిల్లుల్లో రాత్రి పదింటికి కూడా లారీలు దిగుతుంటాయి. అప్పుడు లెక్క తేడా పడితే గుమాస్తా తెల్లారేదాకా ఆగడు, అప్పుడే ఫోన్ చేస్తాడు. అంటే ఈ కంపెనీలో ఇద్దరు గొంతెత్తి ఫోన్లో మాట్లాడాలి, ఇద్దరు చప్పుడు లేకుండా కోడ్ రాయాలి. ఈ రెండు పనులూ ఒకే హాల్లో పెడితే కోడ్ రాసేవాడు చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడు, ఫోన్ ఎత్తేవాడు గొంతు తగ్గించుకుంటాడు, అవతల గుమాస్తాకు వినపడదు. నెల తిరిగేసరికి దోస్తుల మధ్య మాటా మాటా పెరుగుతుంది. గొడవ మనుషులదని అనుకుంటారు గానీ, అసలు కారణం గది.

కోవర్కింగ్ మీద నా అనుమానాలు దాచుకోను. మిల్లు గుమాస్తా ఒకాయన రెండు రిజిస్టర్లు చంకలో పెట్టుకుని పొద్దున బస్సెక్కి మాదాపూర్ వచ్చాడనుకోండి. కింద గేటు దగ్గర పేరు రాయించుకుంటారు, ఫోటో తీస్తారు, ఓటీపీ చెప్పమంటారు. ఆయన ఫోన్ పాతది, మెసేజ్ ఆలస్యంగా వస్తుంది. పైకి వచ్చేసరికి మీటింగ్ రూమ్ బుక్ చేసిన గంటలో ఇరవై నిమిషాలు అయిపోతాయి. రిజిస్టరు విప్పి పెడితే ఆ చిన్న గుండ్రటి టేబుల్ మీద ల్యాప్‌టాప్‌కు చోటుండదు. మధ్యలో తర్వాతివాళ్లు అద్దం మీద తడతారు. ఆయన మళ్లీ రాడు, ఇంకో మిల్లుకు మీవాళ్ల పేరూ చెప్పడు. మీ అబ్బాయి కంపెనీ కస్టమర్లతో కూర్చుని, టీ తాగి, లెక్క విప్పి చూసుకునే కంపెనీ. ఆ బిల్డింగు వేరే రకం పనికి కట్టింది.

పైసల లెక్క చూడండి. ఆరు సీట్లకు 54,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే నెలకు 63,720. పదకొండు నెలలకు 7,00,920. అడ్వాన్సు 1,08,000. మీరిచ్చే పన్నెండు లక్షల్లో ఎనిమిది లక్షలు కుర్చీలకే పోతాయి. కట్టిన జీఎస్టీని వాళ్ల అమ్మకాల పన్నులో తగ్గించుకోవచ్చు నిజమే, కానీ అందుకు ముందు అమ్మకాలు ఉండాలి. ఒప్పందంలో పైకి కనిపించనివి ఇంకా ఉంటాయి. మీటింగ్ రూమ్ నెలకు ఎన్ని గంటలు ఉచితం, దాటితే గంటకు ఎంత? సాయంత్రం ఏడు తర్వాత, ఆదివారం ఏసీ నడుస్తుందా? సీజన్‌లో రాత్రి పదింటికి ఫోన్ ఎత్తాల్సినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నాలుగో నెలలో ఇద్దరు మానేస్తే సీట్లు తగ్గించుకోవచ్చా, ఖాళీ చేయకూడదనే ఆ 11 నెలల షరతు (లాకిన్) ఆరు సీట్లకూ పడుతుందా? ఈ జవాబులన్నీ కాగితం మీద ఉండాలి, సేల్స్ పిల్లవాడి నోటి మాట చాలదు.

కోవర్కింగ్ అందరికీ చెడ్డదని అనను. కస్టమర్లు విదేశాల్లో ఉండి, నెలకు ముగ్గురిని కొత్తగా తీసుకునే కంపెనీకి అది బాగానే కుదురుతుంది. మీవాళ్లు హైదరాబాద్‌లో ఎవరినైనా కలవాల్సిన రోజున డే పాస్ తీసుకుంటే సరిపోతుంది. ఒకవేళ దోస్తుల్లో కొందరికి హైదరాబాద్ తప్పదనుకున్నా, ఎల్‌బీనగర్ వైపు చూడాలి గానీ మాదాపూర్ ఎందుకు? నల్గొండ బస్సు దిగినవాడు ఎల్‌బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం రూట్‌లో పోవాలి. వాళ్ల కస్టమర్లు ఉన్నదేమో విజయవాడ రోడ్డు వైపు.

ఇప్పుడు మీ మేడ సంగతి. ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్పాలి, ఏమీ అనుకోకండి. మీరు మేడ ఇస్తున్నది కిరాయి మిగలాలని కాదు, కొడుకు ఎప్పుడొస్తున్నాడో ఎప్పుడు పోతున్నాడో చూడాలని. మధ్యాహ్నం చుట్టాలొస్తే 'మావాడి ఆఫీసు చూద్దురు రండి' అని పైకి తీసుకెళ్తారు. గ్యాస్ బండ వస్తే కిందికి పిలుస్తారు. జీతానికి వచ్చిన ఆ ఆడపిల్ల మీ ఇంటి గేటు తీసుకుని, వాకిట్లో కూర్చున్నవాళ్లను దాటుకుని, రోజూ మేడ మెట్లెక్కాలి. తనకు వేరే టాయిలెట్ ఉందా? మిగతా ముగ్గురు దోస్తులకు అది ఎప్పటికీ మీ అబ్బాయి ఇల్లే, వాళ్ల కంపెనీ కాదు. వాళ్ల మాటకు విలువ తగ్గిపోతుంది, వాటాల దగ్గర పేచీ వస్తుంది. ఇరవై అయిదేళ్ల కొడుకు మీద నమ్మకం లేకపోతే పన్నెండు లక్షలు ఇవ్వకండి. నమ్మకం ఉంటే కాపలా కాయకండి.

అయినా మేడే అంటే, ఇంటి మీటరు మీద ఆఫీసు నడపకూడదు. కేటగిరీ-2 కమర్షియల్ మీటరు వేరే తీసుకోవాలి. ఇంటి కనెక్షన్‌తో వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు. జీఎస్టీ చిరునామాకు మీ పేరు మీదున్న కరెంటు బిల్లు లేదా ఇంటి పన్ను రసీదు, దాంతో పాటు మీ సమ్మతి పత్రం ఇవ్వాలి. కిరాయి తీసుకోకపోయినా ఈ కాగితం కావాలి. పైన స్లాబు ఎండకు కాగుతుంది. పడమటి గది అయితే మన ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం మూడింటికి ఒకటిన్నర టన్ను ఏసీ కూడా చాలదు.

ఐటీ టవర్ 2023 అక్టోబరులో మొదలైంది. శుభ్రమైన జాగ, చిరునామా బాగుంటుంది. కేటాయింపు షరతులు, కిరాయి ఎప్పుడు పెరుగుతుంది, ఎంతమందిని ఉద్యోగంలో చూపాలి అన్నవి రాతపూర్వకంగా తెచ్చుకుని చూడండి. మిల్లువాళ్లు అక్కడిదాకా సులువుగా రాగలరా అన్నది మీ అబ్బాయే తేల్చుకోవాలి.

నన్నడిగితే నల్గొండలో బస్టాండుకు నడిచి పోగలిగే దూరంలో, మొదటి అంతస్తులో రెండు గదులూ ఒక హాలూ చూసుకోమంటాను. ఆరుగురికి మనిషికి 60 చదరపు అడుగుల చొప్పున 360, కస్టమర్లు కూర్చునే 10x10 గది, ఫోన్లకు ఒక చిన్న గది, టీ పెట్టుకునే చోటు, రెండు టాయిలెట్లు కలిపి 550 నుంచి 600 చదరపు అడుగుల కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే చోటు) చాలు. యజమాని 800 అన్నాడంటే అందులో గోడలు, మెట్లు, వరండా పోగా లోపల 600 లోపే ఉంటుంది. టేపు పట్టుకుని గోడ నుంచి గోడకు కొలవండి.

ఖాళీ గదిలో గట్టిగా చప్పట్లు కొట్టి చూడమనండి. గంట కొట్టినట్టు మోగితే అక్కడ ఫోన్ మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మందపాటి కర్టెన్లు, గోడకు బట్ట అతికిన పిన్‌బోర్డులు పెడితే తగ్గుతుంది. ఫోన్ గది గోడ ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగిపోకుండా స్లాబు దాకా పోవాలి. లేకపోతే మాట పైనుంచి దూకి పక్క గదిలో పడుతుంది. తలుపు కింద సందు ఉంటే రబ్బరు పట్టీ వేయించాలి. కస్టమర్ల గదిలో టేబుల్ అయిదడుగులకు తగ్గొద్దు, రిజిస్టరూ ల్యాప్‌టాపూ పక్కపక్కన పట్టాలి. ఇంటర్నెట్ రెండు కంపెనీలది తీసుకుని, రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీదుగా రాకుండా చూసుకోవాలి. ఒకే దారిలో వస్తే తెగినప్పుడు రెండూ తెగుతాయి. నలుగురిలో ఎవరికీ ప్రత్యేక క్యాబిన్ వద్దు.

అగ్రిమెంటు పదకొండు నెలలకే అయినా అందులో మూడు మాటలు ఉండాలి. ఖాళీ చేయడానికి ఎన్ని నెలల నోటీసు, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, ఏటా కిరాయి ఎంత పెరుగుతుంది. ఏడాది దాటిన లీజు అయితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కంపెనీ నెల ఖర్చులో కిరాయి ఆరో వంతు దాటకుండా చూసుకోమనండి.

చివరగా తోట మీద లోను. వాళ్లది ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అయితే, డైరెక్టరు తండ్రిగా మీరు అప్పు ఇవ్వవచ్చు గానీ, ఆ సొమ్ము మీరు వేరేచోట అప్పు తెచ్చింది కాదని రాసివ్వాలి. తోట కుదువపెట్టి ఇస్తే ఆ మాట రాసివ్వలేరు. అందుకే బత్తాయి పైసల్లోంచి మీ దగ్గర ఉన్నంతే ఇవ్వండి. మొదట మూడు లక్షలు. రాబోయే సీజన్ అయ్యాక ఎన్ని మిల్లులు మళ్లీ చందా కట్టాయో చూసి తర్వాతిది. కొడుకు చేతికి నగదు ఇవ్వకుండా చెక్కు కంపెనీ పేరు మీద రాయండి. అది అప్పా, వాటానా అన్నది అదే రోజు మిగతా ముగ్గురి ముందూ కాగితం మీద పెట్టి, నలుగురితో సంతకాలు చేయించండి.