పక్క షాపు రేటు తగ్గిస్తే మనకేమవుతుందో ఎఐ ఏజెంట్లతో ముందే చూడొచ్చా?

ప్రొద్దుటూరులో మీకు బట్టల షాపు ఉందని, ఎదురుగా ఇంకోటి రాబోతోందని, ఆ పోటీ ఎట్లుంటుందో ఎఐ సిమ్యులేషన్‌తో ముందే తెలుస్తుందా అని అడిగారు. ఎదుటివాళ్లు ఏం చేస్తారో తెలీదు గానీ, మన నమ్మకాల్లో ఏది తప్పైతే మునుగుతామో తెలుస్తుంది. నన్ను కాపాడింది అదే.

మాది అనంతపురంలో మినరల్ వాటర్ ప్లాంటు. ఈ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే, మా వీధుల్లో తాగేకి క్యాన్ కొనని ఇల్లు అరుదు. ఇరవై లీటర్ల క్యాన్ ఇంటికి వేస్తే 15 రూపాయలు. పోయినేడు రెండు వీధుల అవతల ఇంకో ప్లాంటు పెట్టి 10కే వేశారు. నెల తిరిగేసరికి మా 140 ఇళ్లలో 23 పోయాయి. మనమూ పదికే వేద్దామన్నాడు మా నాయన.

నెట్‌లోగో అని, ఇట్లాంటి సిమ్యులేషన్లు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో చిన్న మోడల్ రాసుకున్నా, అది ఉచితమే. ప్రతి ఇల్లూ ఒక ఏజెంటు, ఎవరి దగ్గర కొనాలో రోజూ తేల్చుకుంటుంది. మొదట అందరూ రేటు చూసే కొంటారని పెట్టా. ప్లాంట్లు రెండూ పోటీపడి తగ్గించుకుంటూ ఖర్చు దగ్గరకొచ్చి ఆగాయి. సరుకు ఒకటే అయి, కొనేవాళ్లు రేటు మాత్రమే చూస్తే, అమ్మేవాళ్లు ఇద్దరే ఉన్నా లాభం మిగలదని 1883లోనే ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ బెర్ట్రాండ్ చెప్పాడు. తర్వాత ఒక్క అంకె మార్చా: నూరిళ్లలో రేట్లు పోల్చి చూసేవి ఎన్ని? దాన్ని 20కి దించితే మా ప్లాంటు 15 మీదే నిలబడింది. మా బతుకంతా ఆ అంకె మీదుంది, అదేమో నాకు తెలీదు.

ఆ అంకె కోసం చాట్‌జీపీటీ లాంటి లాంగ్వేజ్ మోడల్‌ను నమ్మడం నా తప్పు. ముప్పై ఏజెంట్లకు ఒక్కో ఇంటి వివరమిచ్చి అడిగితే, దాదాపు అన్నీ పొందిగ్గా లెక్కేసి పదికే కొంటామన్నాయి. క్యాన్ నీళ్ల గురించి ఏ ఇంట్లోనూ అంత ఆలోచించరు. ఏజెంట్ల మాటను సర్వే అనుకోవద్దు, దయచేసి.

చివరికి పుస్తకం పట్టుకుని ఆ 23 ఇళ్లకూ పోయినా. 16 ఇళ్లలో రేటు మాటే రాలేదు. ఆటో తోలే పిల్లోడు మానేసినప్పటి నుంచి క్యాన్ పొద్దున పది దాటాక వస్తోందంట. "ఏమప్పా, పిల్లోళ్లు బడికి పోయినాక నీళ్లేసి ఏం లాభం?" అని ఒక అక్క నిలదీసింది. రేటు దించలేదు, ఆటోను ఆరింటికే పంపినాం. మూడు నెలల్లో 11 ఇళ్లు తిరిగొచ్చాయి.

ఇంకొకటి. ఒకే ఆటను మళ్లీ మళ్లీ ఆడి, తప్పొప్పులు చూసుకుంటూ నేర్చుకునే ప్రోగ్రాములకు రేట్లు అప్పజెబితే, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండానే రేట్లను పైన నిలబెట్టడం నేర్చుకున్నాయని ఇటలీ ఆర్థికవేత్తలు 2020లో చూపించారు. అది లక్షల సార్లు ఆడితే వచ్చిన ఫలితం. మీ మోడల్లో అట్లా వస్తే, సరే ఎదురు షాపుతో మాట్లాడుకుందామని మాత్రం పోవద్దు. 2002 నాటి పోటీ చట్టం ప్రకారం అమ్మేవాళ్లు కూడబలుక్కుని రేటు పెట్టడం నేరుగా తప్పు.

మీ వ్యాపారంలో ఆ అంకె బహుశా అప్పు ఖాతా. పండక్కి బట్టలు తీసుకుని పంట డబ్బులొచ్చాక కట్టే కుటుంబాలు మీకెన్ని, వాళ్లకు కొత్త షాపువాళ్లు మొదటి ఏడే అప్పిస్తారా? మోడల్ రాసే ముందు ఖాతా పుస్తకంలో ఆ లెక్క తీయండి.