‘డిన్నర్’కి ముందే తొక్కుడుబిళ్ళ

ప్రశ్న: నల్లజాతి అబ్బాయి, తెల్లమ్మాయి ప్రేమ మీద అమెరికాలో వచ్చిన మొదటి సినిమా ‘గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్’ అంటారు. నిజమేనా?

కాదు. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ సినిమా 1967 డిసెంబర్లో విడుదలైంది. ఇలాంటి పెళ్ళిళ్ళ మీద 16 రాష్ట్రాల్లో ఇంకా ఉన్న నిషేధాన్ని సుప్రీంకోర్టు అదే ఏడాది జూన్‌లో, లవింగ్ దంపతుల కేసులో కొట్టేసింది. పైగా అందులో అల్లుడు ప్రపంచమంతా పేరున్న డాక్టరు, అచ్చం మన పెళ్ళి సంబంధాల బయోడేటాలా ఉంటాడు. ముద్దు ఒక్కటే, అదీ ట్యాక్సీ అద్దంలో కనిపిస్తుంది.

అసలు ధైర్యం చేసింది జేబులో డబ్బుల్లేనివాళ్ళు. సినిమాల్లో ఏం చూపించకూడదో హాలీవుడ్ తనకి తాను రాసుకున్న నిబంధనావళిలో 1956 దాకా ఈ ప్రేమ నిషిద్ధం. ఆ మరుసటి ఏడాదే జాన్ కసావెటీస్ అనే నటుడు ఒక రేడియో షోలో కూర్చుని, సినిమా తీస్తాను, డబ్బులు పంపండని అడిగాడు. శ్రోతలు రెండు వేల డాలర్ల దాకా పంపారు. న్యూయార్క్‌లో 16 ఎం.ఎం. కెమెరాతో తీసిన ఆ ‘షాడోస్’ని 1958లో చూపించి, తృప్తి లేక, చాలా భాగం మళ్ళీ తీసి 1959లో వదిలాడు. నల్లవాళ్ళింట్లో పుట్టినా తెల్లగా కనిపించే అమ్మాయిని ప్రేమించిన తెల్లవాడు ఆమె నల్లటి అన్నయ్యని చూడగానే అతని ముఖం మారిపోతుంది చూడండి, అంతే సినిమా. చివర్లో ‘ఇదంతా అప్పటికప్పుడు అల్లుకున్నదే’ అని కార్డు వేస్తాడు గానీ, రెండోసారి తీసిన సీన్లు చాలావరకు రాసుకుని తీసినవే. మన షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్ళకి ఇది ఎవరైనా చెప్పండి. డైలాగులు రాయడానికి బద్ధకించి ‘ఇంప్రొవైజ్ చేద్దాం బ్రో’ అంటారు.

కానీ నా ఓటు 1964లో వచ్చిన ‘వన్ పొటాటో, టూ పొటాటో’కి. పిల్లలు పంటలు వేసుకునేటప్పుడు పాడే లెక్క పాట అది. దర్శకుడు లారీ పీర్స్‌కి మొదటి సినిమా. దాన్ని ఒహైయోలో, పెయిన్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో తీశారు. మేం అప్పట్లో క్లీవ్‌లాండ్ పక్కన ఉండేవాళ్ళం, ఆ ఊరు కారులో ముప్పావు గంట. మా అమ్మ ఆరు నెలలకని వచ్చి, బయట మంచు, లోపల హీటర్ మోత, తోచక కొట్టుకుంటుంటే, మన పక్క ఊరేనమ్మా అని పెట్టాను.

అమ్మకి ఇంగ్లీషు రాదు. విడాకులైన తెల్లమ్మాయి, ఆమెకో చిన్న కూతురు, తోటి ఉద్యోగి అయిన నల్లతను, అంతవరకు నేను చెప్పాను. ఒక రాత్రి ఎవరూ లేని చోట వాళ్ళిద్దరూ చిన్నపిల్లల్లా గెంతుతూ ఆడతారు. అమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. ‘ఒరే, తొక్కుడుబిళ్ళ! వీళ్ళూ ఆడతారా!’ ఆ వెంటనే పోలీసు వచ్చి ఆమెని వేశ్య అనుకుని మాట్లాడతాడు. అది నేను తర్జుమా చెయ్యలేదు. అక్కర్లేకపోయింది. ‘వీడి నోరు పడ’ అంది.

పెళ్ళవుతుంది. ఒహైయోలో దానికి అడ్డుచెప్పే చట్టాన్ని 1887లోనే తీసేశారు. అందుకని దెబ్బ ఇంకోవైపు నుంచి వస్తుంది. ఏళ్ళ తరబడి పత్తా లేని మొదటి మొగుడు దిగి, నల్లవాళ్ళింట్లో నా కూతురు పెరగడానికి వీల్లేదని కోర్టుకెక్కుతాడు. ఇల్లు మంచిదే, తల్లి మంచిదేనని జడ్జికీ తెలుసు. అయినా పిల్లని తండ్రికే ఇస్తాడు. తల్లిగా వేసిన బార్బరా బారీకి ఆ ఏడాది కాన్స్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు ఇంకొకరితో కలిపి పంచారు. పంచడమేమిటో, మొత్తం ఇవ్వాల్సింది.

పెద్ద కంపెనీ డబ్బు పెట్టి ఉంటే ఆఖరి రీల్లో ఆ జడ్జి మనసు మారి ఉండేది. రుజువు లేదు గానీ పందెం కాస్తాను.

పిల్లని ఎక్కించుకుని కారు వెళ్ళిపోయింది, సినిమా అయిపోయింది. అమ్మ ఇంకా టీవీ వైపే చూస్తోంది. ‘పై కోర్టుకి వెళ్ళరా? రెండో భాగం ఉందా?’ లేదన్నాను. ‘ఇదేం సినిమారా’ అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు తెనాలికి ఫోన్ చేసి నాన్నకి కథంతా చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. తొక్కుడుబిళ్ళ, పోలీసు, కోర్టు అన్నీ ఉన్నాయి. ఆఖర్లో మాత్రం పిల్ల కారు దిగి వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చేసింది.