లిబర్టీ డాలర్ కొనేముందు ఇది ఒకసారి చదువుకో అల్లుడూ

ఒరేయ్ కిట్టూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూశాను. టార్చ్ బొమ్మ ఉన్న వెండి బిళ్ళ, మీద ట్వంటీ డాలర్స్ అని ఉంది, వాడేమో దానికి మూడు నాలుగింతలు అడుగుతున్నాడు, ఇది మోసమా మామయ్యా అని అడిగావు కదా. మోసం కాకపోవచ్చు. కానీ నువ్వు లెక్క మొదలుపెట్టిన చోటే తప్పు. దాని మీద రాసున్న నంబర్ సంగతి ముందు మర్చిపో. అది చీరల షాపులో ఎంఆర్‌పీ స్టికర్ లాంటిది, అంటించినవాడి ఇష్టం.

ఆ నంబర్ ఎలా వచ్చిందో తెలిస్తే మిగతా అంతా సులువుగా అర్థమవుతుంది. 1998 అక్టోబర్‌లో బెర్నార్డ్ వాన్ నాట్‌హౌస్ అనే ఆయన, అంతకుముందు హవాయిలో ప్రైవేట్ మింట్ నడిపినాయన, అమెరికా సెంట్రల్ బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ విడుదల చేసే కాగితం డబ్బు మీద నమ్మకం లేక ఈ లిబర్టీ డాలర్ అనే ప్రైవేట్ డబ్బు మొదలుపెట్టాడు. ఆఫీసు ఇండియానాలోని ఇవాన్స్‌విల్‌లో, బిళ్ళలు కొట్టింది ఐడహోలో. అప్పుడు ఔన్స్ వెండి సుమారు ఐదు డాలర్లు, ఈయన ఔన్స్ బిళ్ళ మీద వేసింది పది. ఇందులో చేరిన వాళ్ళకి డిస్కౌంట్‌లో ఇస్తాడు, వాళ్ళు దాన్ని కొట్లో పదికి ఖర్చు పెట్టుకోవాలి, ఆ మధ్యలో మిగిలేదే స్కీమ్‌ని నడిపింది. వెండి రేటు పెరిగేసరికి 2005 చివర్లో మీద వేసే రేటు మార్చేసి అదే ఔన్స్ మీద ఇరవై వేశాడు. అందుకే నీకు పది అని ఉన్న ఔన్స్ కనపడుతుంది, ఇరవై అని ఉన్న ఔన్స్ కనపడుతుంది, రెండిట్లోనూ వెండి మాత్రం అంతే, 31.1 గ్రాములు. మన పాత తులం లెక్కలో రెండున్నర పైచిలుకు.

ఇంకో తమాషా చెప్తా విను. ఆయన్ని కోర్టు దోషి అన్నది 2011 మార్చిలో, నార్త్ కరోలినాలోని స్టేట్స్‌విల్‌లో. ఆ నెలలో ఔన్స్ వెండి ముప్పై డాలర్లు దాటి నడుస్తోంది, ఏప్రిల్‌లో యాభై దగ్గరికెళ్ళింది. అంటే మీద ఇరవై అని ఉన్న బిళ్ళ లోపల అంతకంటే చాలా ఎక్కువ వెండి ఉంది, జడ్జిమెంట్ వచ్చేటప్పటికి దాన్ని ఇరవైకి కొట్లో ఇచ్చేవాడే నష్టపోతాడు! నాకైతే ఈ సిరీస్‌లో నచ్చే విషయమే అది, ఆయన వాదన సగం నిజమయ్యే టైముకి మనిషి బోనులో ఉన్నాడు. ఆయన పద్ధతి నాకు నచ్చదు, అది వేరే సంగతి. మామూలు కొట్టువాడికి అసలు డబ్బు అన్నట్టు చేతిలో పెట్టి చిల్లర తీసుకోవడం ఏం న్యాయం?

ఇక నువ్వు అడగని ముఖ్యమైన విషయం, చట్టం. 2006లో యుఎస్ మింట్, అంటే అమెరికా ప్రభుత్వ టంకశాల, వార్నింగ్ ఇచ్చింది, వీటిని చెలామణీలో వాడితే ఫెడరల్ నేరం అని. 2007 నవంబర్‌లో ఎఫ్‌బీఐ, సీక్రెట్ సర్వీస్ వాళ్ళు ఆఫీసు మీద పడి వెండి, బంగారం, రాన్ పాల్ అనే రాజకీయ నాయకుడి బొమ్మతో కొట్టిన రాగి బిళ్ళలు టన్నుల లెక్కన పట్టుకుపోయారు. కేసులో గొడవంతా అవి అసలు కాయిన్స్‌లా కనపడతాయి అని, లిబర్టీ అని తల బొమ్మ, డాలర్ గుర్తు, యుఎస్ఏ, ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్‌ని కాస్త తిప్పి ట్రస్ట్ ఇన్ గాడ్. చివరికి 2014 డిసెంబర్‌లో ఆయనకి జైలు లేకుండా ఆరు నెలలు గృహనిర్బంధం, మూడేళ్ళు ప్రొబేషన్ ఇచ్చారు. తీర్పు తర్వాత కొన్నాళ్ళు నాణేలు సేకరించేవాళ్ళ దగ్గరున్నవి కూడా పట్టుకోవచ్చు అనే మాట నడిచింది, ఈబే కూడా ఒక దశలో వీటి లిస్టింగులు తీసేసింది. ఇప్పుడు కాయిన్ షోల్లో టేబుళ్ళ మీద బాహాటంగానే అమ్ముతున్నారు గానీ నువ్వు మాత్రం సరదాకి కూడా వీటితో ఎక్కడా బిల్లు కట్టకు. నువ్వు గ్రీన్ కార్డు క్యూలో ఉన్నావు, ఫెడరల్ కేసు అనే మాట నీ పేరు పక్కన రాకూడదు. పెద్ద మొత్తంలో కొనాలనిపిస్తే ముందు లాయర్‌ని ఒక మాట అడుగు.

సరే, కొనడం ఎలాగంటే. ఏ రౌండ్ (ఇలాంటి బిళ్ళని అలాగే అంటారు) చేతిలోకి తీసుకున్నా మనసులో రెండు రేట్లు విడగొట్టుకో, ఇందులో వెండి ఎంత, దాని పైన కథకి వీడు ఎంత అడుగుతున్నాడు. ఫోన్‌లో ఆ నిమిషం స్పాట్ రేటు, అంటే మార్కెట్లో వెండి ధర, చూడు, వాడు అడిగినదాంట్లోంచి అది తీసెయ్యి, మిగిలిందే నువ్వు కథకి ఇచ్చే డబ్బు. ఆ మిగిలినదానికి కారణం ఏంటో అమ్మేవాణ్ణి అడుగు. సంవత్సరం అరుదా, తక్కువ కొట్టారా, మొదటి ఓనర్ కాగితాలున్నాయా? "రేర్ సార్, గవర్నమెంట్ సీజ్ చేసింది" అని ఒక్కటే పాట పాడితే దణ్ణం పెట్టి పక్క టేబుల్‌కి పో. సీజ్ చేసింది నిజమే, కానీ దానికి ముందు తొమ్మిదేళ్ళు అమ్ముకుంటూనే ఉన్నారు, బయట బోలెడున్నాయి.

తూకం మిషన్ జేబులో పట్టేది ఒకటి కొనుక్కో, రెండు డెసిమల్స్ చూపించేది. ఔన్స్ రౌండ్ 31.1 గ్రాములకి తగ్గకూడదు, కొంచెం ఎక్కువుంటే పర్లేదు. చిన్న గట్టి అయస్కాంతం కూడా ఉంచుకో, నియోడిమియందైతే మంచిది. బిళ్ళని నలభై ఐదు డిగ్రీలు వంచి పట్టుకుని మీద నుంచి అయస్కాంతం వదిలితే, వెండి అయితే అది అంటుకోదు, అలాగని జర్రున జారిపోదు, నెమ్మదిగా బద్ధకంగా దిగుతుంది. ఒకసారి నిజమైన దాని మీద చూశావంటే ఆ వేగం నీ కంటికి పట్టేస్తుంది. అయితే రాగి మీద కూడా కాస్త అలాగే దిగుతుంది కాబట్టి అదొక్కటే నమ్మకు, తూకం, వ్యాసం, మందం మూడూ కలవాలి. రాగి వెండి కంటే తేలిక, వెండి పూత వేసి బరువు సరిపెట్టాలంటే మందంగా కొట్టాల్సిందే, దొంగ అక్కడే దొరుకుతాడు. పెద్ద డీలర్ల దగ్గర లోహం అసలుదో కాదో చెప్పే సిగ్మా మిషన్ ఉంటుంది, అడిగితే పెట్టి చూపిస్తారు. చూపించను అంటే నీకు సమాధానం దొరికినట్టే.

వీటికి కాగితం సర్టిఫికెట్లు కూడా ఉండేవి, గోడౌన్‌లో నీ పేరు మీద వెండి ఉంది అని. అవి ఇప్పుడు చవగ్గా వస్తాయి, నాకు బిళ్ళల కంటే అవే ఇష్టం. కానీ వెండి వస్తుందని కొనకు, ఆ వెండే రెయిడ్‌లో పోయింది, హక్కుదారులు ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగారు. కాగితంగానే కొను, మడత లేనిది చూస్కో.

నువ్వు అన్ని సంవత్సరాలూ, అన్ని సైజులూ పోగేద్దాం అనుకుంటున్నావు, అది వద్దు. పది వేసిన ఔన్స్ ఒకటి, ఇరవై వేసిన ఔన్స్ ఒకటి, ఒక సర్టిఫికెట్, వీలైతే రాన్ పాల్ బొమ్మ ఉన్నది ఒకటి. ఈ నాలుగూ పక్కపక్కన పెడితే కథ మొత్తం కనపడుతుంది. రాన్ పాల్ వెండి దానికి మాత్రం ఎక్కువ అడుగుతారు, రాగిదైనా చాలు.

ఈ ఊపులో నీకు లెషర్ డాలర్ల మీదకి మనసు పోతుంది, తెలుసు, నాకూ పోయింది. 1900లో కొలరాడోలోని విక్టర్ అనే గని ఊళ్ళో జోసెఫ్ లెషర్ కొట్టించినవి. 1893లో ప్రభుత్వం వెండి కొనడం ఆపేశాక కొలరాడో వెండి గనులు కుదేలయ్యాయి, ఈయన ఎనిమిది పలకల వెండి బిళ్ళ చేయించి డాలర్ పావలా అని రేటు వేశాడు, ఊళ్ళో బమ్‌స్టెడ్ అనే కిరాణా షాపాయన సరుక్కి బదులు తీసుకుంటానని తన పేరు కూడా వేయించుకున్నాడు. వందేళ్ళ తర్వాత వాన్ నాట్‌హౌస్ చేసింది దాదాపు ఇదే, చూడు! వాటి మీద సీరియల్ నంబర్ విడిగా గుద్ది ఉంటుంది, భూతద్దంలో ఆ అంకెల చుట్టూ లోహం కొంచెం పొంగినట్టు కనపడాలి, బిళ్ళతో పాటే పోత పోసినట్టు మెత్తగా ఉంటే నకలు. నిజమైనవి వేల డాలర్లు పలుకుతాయి, నాణేలు పరీక్షించి నాణ్యత తేల్చే గ్రేడింగ్ కంపెనీ డబ్బాలో సీల్ చేసింది తప్ప విడిగా ఉన్నది ముట్టుకోకు. ఇప్పుడే కాదు, ముందు నీ ఈఎంఐలు అవనీ.

దాచుకోవడం గురించి మీ అత్తయ్య చెప్పమంది, ఎందుకంటే మీ అమ్మకి వెండి కనపడితే విభూతి పెట్టి తోమే అలవాటు. వీటిని తోమకూడదు అని మా చెల్లికి గట్టిగా చెప్పు, తోమితే వెండి పోదు గానీ కథకి ఇచ్చిన డబ్బు మొత్తం పోతుంది. నల్లబడితే నల్లబడనీ. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్ళకి పచ్చటి జిగురు పడుతుంది, గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్స్ కొను, ఔన్స్ వాటికి 39 మిల్లీమీటర్లది పడుతుంది. రబ్బర్ బ్యాండ్ దగ్గర్లో ఉండకూడదు, అందులో గంధకం ఉంటుంది.

బిల్లులన్నీ ఫోటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకో, కొన్న తేదీ, ఆ రోజు స్పాట్ రేటు కూడా పక్కన రాసుకో. ఐఆర్ఎస్ (అక్కడి పన్ను శాఖ) వెండిని కలెక్టిబుల్, అంటే సేకరణ వస్తువు కింద లెక్కేస్తుంది, ఏడాది దాటాక అమ్మినా లాభం మీద 28 శాతం దాకా పడొచ్చు, షేర్ల లెక్క వేరే. ఇండియాకి తీసుకెళ్ళి నాన్నకి చూపించాలంటే ఒకటి చాలు, అదీ కస్టమ్స్ రూల్ ఆ రోజుకి ఎలా ఉందో చూసుకుని.

జనవరిలో ఓర్లాండోలో ఫన్ అనే కాయిన్ షో ఉంటుంది, నేను వెళ్తున్నా, నువ్వూ వచ్చెయ్. ఆ ఫోటో వాడికి ఈలోపు ఏం చెప్పకు, తూకం వేసి మిషన్ అంకె కనపడేలా ఇంకో ఫోటో పంపమను చాలు.

మీ మామయ్య